ఆరు స్తంభాల గోడ

గొడవ తడి తువ్వాలు దగ్గర మొదలైంది.

ఆ ఆదివారం పొద్దున వెనక పెరట్లో దండెం తెగింది. దాన్ని ముడివేసే తీరిక లేక పెద్దకోడలు ఒకే ఒక్క తువ్వాలు తెచ్చి ముందు హాల్లో మెట్ల రెయిలింగు మీద వేసింది. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, అత్తగారు దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"ఇదేమిటి?"

"తువ్వాలు. మీ అబ్బాయిది."

"ఎవరిదో నాకూ కనిపిస్తోంది. ఎక్కడ ఆరేశావని అడుగుతున్నా."

"దండెం తెగిందత్తయ్యా. పది నిమిషాల్లో తీసేసేదాన్నే."

"పది నిమిషాలు! ఈ ఇల్లు కట్టించినాయన చెయ్యేసి దిగిన కర్ర అది. నూట ముప్ఫై ఏళ్ల టేకు. నీళ్లోడితే ఉబ్బదూ? మీ భాగంలో మేకులకేం కరువొచ్చింది? చింకిగుడ్డలు అక్కడ తగిలించుకోరాదూ?"

"చింకిది కాదత్తయ్యా. మొన్న మీరిచ్చిందే."

కూరలు తరుగుతున్న చిన్నకోడలికి నవ్వొచ్చింది. అత్తగారు తలతిప్పేసరికి ఆ నవ్వును దగ్గు చేసేసింది.

భోజనాల హాల్లో పేపరు చదువుకుంటున్న చిన్నకొడుకు అక్కణ్నుంచే కేకేశాడు. "ఎందుకమ్మా పొద్దున్నే! గురువారం దాకా ఓపిక పట్టు. ఆ తర్వాత వాళ్ల తువ్వాళ్లు వాళ్లింట్లోనే ఆరేసుకుంటారు."

పెద్దకోడలు గరిటె పక్కన పెట్టింది. వంటింట్లోంచి మూడు మెట్లెక్కి హాల్లోకి వచ్చింది. "వాళ్లిల్లేమిటి?"

"అన్నయ్య చెప్పలేదా వదినా? మీరుండే వెనకభాగం పడగొట్టేస్తున్నాం. కార్లకి చోటు చాలట్లేదు. గురువారం మేస్త్రి వస్తాడు. అన్నయ్య మీకు బస్‌స్టాండు వెనక రెండు గదుల వాటా కూడా చూసేశాడు."

ఆమె బల్ల దగ్గర కూర్చున్న మొగుడి వైపు చూసింది. పెద్దవాడు తన గ్లాసులోకి చూశాడు. అందులో నీళ్లు తప్ప ఏమీ లేవు.

"ఎప్పుడు చూశారు?" అని అడిగింది, తమ గదిలోకి వచ్చాక.

"పోయిన నెల."

"నెల్లాళ్లు నా పక్కన కూర్చుని తింటూ ఒక్క మాట చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగావు. మాట మారిపోయింది."

"నెల్లాళ్లూ ఉప్పు గురించే అడిగానా?"

పెద్దవాడికి నోట్లో నాలుక లేదని లోకమంతా అనేది. పంతొమ్మిదేళ్లు కాపురం చేసిన పెద్దకోడలికి మాత్రం తెలుసు, ఆ నాలుక ఉంది. తల్లి ముందు "అలాగే" అనడానికి చక్కగా తిరుగుతుంది.

పోట్లాడటానికి కూడా టైము లేదు. పదింటికి జనం వచ్చేస్తారు.

టౌను దాటాక, తారురోడ్డు పక్కన విడిగా నిలబడ్డ ఆ ఇంటిని అందరూ తొమ్మిది కిటికీల ఇల్లంటారు. ముందువైపు మేడ మీద వరసగా తొమ్మిది పొడుగాటి కిటికీలు, కింద గుండ్రటి స్తంభాల వసారా, గుమ్మం దాటగానే రెండు పాయలుగా విడిపోయి పైకి పోయే మెట్లు. మెట్ల వెనక భోజనాల హాలు. హాలు చివరి గోడకు ఒక చిన్న తలుపు, దాన్ని దాటి మూడు మెట్లు దిగితే వెనకభాగం. వంటిల్లు, కొట్టుగది, పెద్దకోడలి రెండు గదులు అక్కడే. పెళ్లయి వచ్చిన రోజున "ప్రస్తుతానికి ఇక్కడ సర్దుకోండి" అని అత్తగారు చూపించిన గదులవి. ఆ ప్రస్తుతం పంతొమ్మిదేళ్లు నడిచింది.

ఆదివారం పదింటి నుంచి పన్నెండు దాకా ఇల్లు చూడటానికి జనం వస్తారు. చూపించే పని పెద్దకోడలిది. కాలేజీలో చరిత్ర చదివింది కాబట్టి ఆమె నోట బాగుంటుందని అత్తగారే అప్పగించింది. చెప్పాల్సింది కూడా అత్తగారే చిలక్కి చెప్పినట్టు చెప్పి నేర్పింది. కట్టించినాయన, అంటే అత్తగారి మామగారికి తాతగారు, ఒక్క ఇటుక కూడా లేని బోడినేల మీద ఈ ఇల్లు లేపాడు. భోజనాల హాల్లో చివరి గోడకు ఆనించి ఉన్న ఆరు సగం స్తంభాల మీదే ఆ కప్పంతా నిలబడింది. పనివాళ్ల గదులు యజమాని గదుల కంటే పల్లంగా ఉండాలని వెనకభాగాన్ని మూడు మెట్లు దించి కట్టాడు.

పెద్దకోడలు ఇదంతా అప్పజెబుతూనే ఉండేది. కానీ పంతొమ్మిదేళ్లు ఆ మూడు మెట్లు గిన్నెలతో ఎక్కీ దిగీ, ఆ గోడలు కడిగీ తుడిచీ ఉన్న మనిషికి కొన్ని సంగతులు చేతికి తెలుస్తాయి. ముందుభాగం గోడ మూరెడు మందం. దాని మీద సున్నం పూసి, అది ఆరకముందే గీతలు గీసి రాతికట్టడంలా కనిపించేట్టు చేశారు. వెనక గోడ రెండు మూరలు. అందులో ఇటుక అరచేతి మందమంత పల్చన, గానుగలో రుబ్బిన సున్నంతో కట్టింది. మేకు కొడితే మేకే వంగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ గదులు ఎంత చల్లగా ఉంటాయో ఆమె కంటే అత్తగారికే బాగా తెలుసు. ఏదో వంక పెట్టుకుని వచ్చి కొట్టుగదిలో కునుకు తీసి పోయేది. పనివాళ్ల కోసం కట్టిన గది అంత ఖర్చుగా ఎందుకు కట్టాడన్న ప్రశ్న పెద్దకోడలికి రాకపోలేదు. అడిగితే వచ్చే జవాబు తెలుసు కాబట్టి అడగలేదు.

ఆ ఆదివారం వచ్చినవాళ్లలో ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. స్తంభాల గురించి ఆమె చెబుతుంటే ఆయన వినడం మానేసి, చివరి గోడలో తలుపును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"అమ్మా, ఈ తలుపుకి గడియ అటువైపు పెట్టారేంటి?"

"అటు పనివాళ్ల గదులు. వాళ్లు వేసుకోవడానికి."

"అది కాదమ్మా. తలుపు చూడండి, నాలుగంగుళాల మందం. గడియ నా చెయ్యంత ఉంది. పైన అడ్డగర్ర దూర్చే కన్నాలూ ఉన్నాయి. ఇది వంటింటి తలుపా? ఇది వీధి తలుపు. దొంగలు రాకుండా వేసుకునేది. వీధి తలుపుకి గడియ వీధిలో పెడతారా ఎక్కడైనా? లోపల పెడతారు."

"అంటే?"

"అంటే ఏముంది? అది లోపల. ఇది వీధి." ముసలాయన తమ కాళ్లకింద ఉన్న నున్నటి గచ్చును చూపించి నవ్వాడు. "మనం వీధిలో నిలబడ్డాం."

పెద్దకోడలు ఆ గడియను రోజూ తన చేత్తోనే వేసుకునేది. అందరికీ తెలిసిన గుట్టు తనకొక్కదానికే ఆలస్యంగా తెలిసినట్టు ఆమె ముఖం వేడెక్కింది.

జనం వెళ్లాక ఆమె మళ్లీ హాల్లోకి వచ్చింది. చివరి గోడ మధ్యలో, మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ నడుమ కట్టించినాయన పటం ఉంది, మనిషంత ఎత్తు. దాని మీద ఈగ వాలినా అత్తగారు ఒప్పుకోదు. దులపడం కూడా ఆవిడే, బూజుకర్రకు గుడ్డ కట్టి. పెద్దకోడలు పటం పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది. వేళ్లకు గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన అంచు తగిలింది, కిందికి వాలుగా. అటువంటి అంచు ఆమెకు కొత్త కాదు. వెనకభాగం బయటి గోడలకు కిటికీల పైన అదే ఉంది, వాన నీళ్లు గోడ మీద కారకుండా కిందికి జారిపోవడానికి.

హాల్లో వాన పడదు కదా.

"అయితే ఏమిటంటావు?" అంది అత్తగారు, మధ్యాహ్నం భోజనాల దగ్గర.

"వెనకభాగం ముందు కట్టింది అత్తయ్యా. ఇది దాని వీధి గోడ. దీనికి ఆనించి తర్వాత ఎప్పుడో ముందుభాగం కట్టారు. గురువారం ఈ గోడ కొడితే ఈ హాలు కప్పు ఆగదు."

"అక్కా, మీకు వడ్రంగులు కూడా పాఠాలు చెబుతున్నారా?" అంది చిన్నకోడలు.

చిన్నవాడు పగలబడి నవ్వాడు. "ఆరు స్తంభాలున్నాయి కదా వదినా, కప్పెందుకు ఆగదు? వెనకదే దీన్ని ఆనుకుని బతుకుతోంది. ఏళ్లతరబడి నువ్వే మైకు లేకుండా చెబుతున్నావుగా జనానికి."

"నేర్పింది చెప్పాను."

"ఇప్పుడు ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చేసరికి కొత్త చరిత్ర పుట్టిందన్నమాట," అంది అత్తగారు. కంచంలోంచి తలెత్తలేదు. "ఈ ఇంటి అన్నం తింటూ ఈ ఇంటి పునాదులే తవ్వుతావా? నీకు చదువు చెప్పించినవాళ్లననాలి."

"మా వాళ్ల మాట ఎందుకత్తయ్యా? ఒక్కసారి ఆ పటం దించి చూడండి చాలు."

"ఆ పటం మీద చెయ్యి పడిందంటే గురువారం దాకా కూడా ఉండవు. ఈ సాయంత్రమే సామాను బయట పడుతుంది."

పెద్దవాడు మంచినీళ్లు అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు. తనే లేచి తెచ్చుకున్నాడు.

గురువారం ఎనిమిదింటికి మేస్త్రి ఇద్దరు కూలీలతో వచ్చాడు. నెమ్మదస్తుడు. గోడను గుద్దలి వెనక భాగంతో నాలుగుచోట్ల తట్టి, చెవి పెట్టి విన్నాడు. పెద్దకోడలు ఆయనకు తలుపు గడియ చూపించింది. పటం వెనక అంచు సంగతీ చెప్పింది.

మేస్త్రి చిన్నవాడి వైపు తిరిగాడు. "బాబూ, హాలు దూలాలు ఎక్కడ కూర్చున్నాయో చూసుకోవాలి. ఆ పటం తీయించండి. కొంచెం సున్నం గీకి చూస్తాను."

"పటం తీసేది లేదు," అంది అత్తగారు. కుర్చీ తెప్పించి పటం కింద వేయించుకుని కూర్చుంది, కాపలా ఉన్నట్టు.

"దూలాలు స్తంభాల మీద ఉన్నాయయ్యా, చూడు కళ్లతో," అన్నాడు చిన్నవాడు. "నువ్వు వెనకవైపు నుంచి పైవరస తియ్యి. రెండు భాగాలకీ మధ్య అంటు తెంపేస్తే తర్వాత ఎంత కొట్టినా ముందుదానికి అదురు రాదు."

"స్తంభాలు తట్టి చూడనా పోనీ?"

"మా స్తంభాలు తట్టడానికి నువ్వెవరు?" అంది అత్తగారు.

మేస్త్రి పెద్దకోడలి ముఖం చూశాడు. ఆమె గోడ దగ్గర్నుంచి పక్కకు జరిగింది. "నిదానంగా కొట్టండి," అంది. "అత్తయ్యా, కనీసం కుర్చీ ఇటు జరుపుకోండి."

"నా ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలో నువ్వు చెబుతావా?"

కూలీలు వెనకవైపు నిచ్చెన వేసుకున్నారు. గానుగ సున్నం అంత తేలిగ్గా లొంగలేదు. గంటసేపు కొడితే పదిహేను ఇటుకలు వచ్చాయి. పదహారోది వచ్చినప్పుడు హాల్లో ఒక శబ్దం అయింది. పెద్ద శబ్దమేమీ కాదు. బరువైన మనిషి మంచం మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలినట్టు ఉంది. కప్పులోంచి సున్నం పొడి రాలింది.

"లేవండి!" అని పెద్దకోడలు అత్తగారి జబ్బ పట్టుకుని లాగింది.

"వదులు! నన్ను వదులు!"

వదల్లేదు. గుంజుకుంటున్న మనిషిని గచ్చు మీద ఈడ్చుకుంటూ వసారా దాకా తెచ్చింది. వాళ్ల వెనక హాల్లో దూలం రెండు వేళ్ల మేర కిందికి దిగింది. మూడో స్తంభం ఆ బరువు కింద అట్టపెట్టెలా నలిగి నిలువునా విచ్చుకుంది. అందులో రాయి లేదు, ఇటుక లేదు. చెక్క చట్రం, దానికి చుట్టిన ఎండుగడ్డి, పైన సున్నం పూత. కట్టించినాయన పటం ఒక పక్కకు వేలాడి, తర్వాత బోర్లా పడింది. కప్పు సున్నం పెళ్లలు పెళ్లలుగా బల్ల మీద పడింది. హాలు దూలాలు మెట్ల దాకా పోయిన పొడుగాటివి కావడంతో, మెట్ల పక్క గోడలో బీట పుట్టి అయిదో కిటికీ దాకా పాకింది.

మేస్త్రి పరిగెత్తుకొచ్చి, కూలీల చేత దూలం కింద దుంగలు నిలబెట్టించాడు. ఊపిరి కుదుటపడ్డాక పటం ఉన్నచోట గోడను చూపించాడు. పటం ఉన్నంత మేరా వాన అంచు ఉంది. దాని కింద ఇటుకలతో మూసేసిన పాత కిటికీ, రెక్క బందులు ఇంకా గోడలోనే ఉన్నాయి. ఇటుకల మీద వానలకు పట్టిన నలుపు.

"ఆరు స్తంభాలూ పైన పటారం లోన లొటారం బాబూ," అన్నాడు మేస్త్రి. "దూలాలన్నీ ఈ పాతగోడకి కన్నాలు పొడిచి దూర్చారు. మీ ముందిల్లు మొత్తం దీని భుజం మీద ఉంది. కూర్చున్న కొమ్మ నరికించుకుందామనుకుంటే ఇంకో మేస్త్రిని చూసుకోండి. తీసిన ఇటుకలు మాత్రం రేపొచ్చి నేనే పెట్టిపోతాను."

చిన్నవాడు తిట్టడానికి నోరు తెరిచాడు. ఎవరిని తిట్టాలో తేలక మూసుకున్నాడు.

ఆ రోజు భోజనాలు వెనకగదిలో పెట్టాల్సి వచ్చింది. హాల్లో బల్ల మీద చేతి మందాన సున్నం ఉంది. తలుపు చిన్నది కాబట్టి అందరూ తల వంచుకుని దిగారు. అత్తగారు అందరికంటే ఆఖర్న వచ్చింది. జబ్బ మీద పెద్దకోడలి వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. వాటిని కొంగుతో కప్పుకోలేదు, అందరికీ కనిపించేట్టే కూర్చుంది.

"ఏనుగు లాగినట్టు లాగింది," అంది.

"లాగకపోతే పటం కింద ఉండేదానివమ్మా," అన్నాడు పెద్దవాడు. అతని నోట అంత పొడుగు మాట రావడం అందరికీ వింతగానే ఉంది. వెంటనే తనే భయపడి కూర కలుపుకోవడంలో పడ్డాడు.

"ఇంతకీ గోడ ఒక్కటి ఉంచితే సరిపోతుంది కదా," అన్నాడు చిన్నవాడు. "గోడ వదిలేసి ఈ గదులు తీసేద్దాం. మేస్త్రి కూడా అదే అంటాడు."

"మేస్త్రి అనలేదు. నువ్వంటున్నావు," అంది పెద్దకోడలు.

"నువ్వుండరా," అంది అత్తగారు. "గదులు ఉంటాయి. వాళ్లూ ఉంటారు."

అత్తగారు పెద్దకోడలి వైపు చూసింది. ఆ చూపులో కరుణలాంటిదేమీ లేదు.

"ఊరికే కాదు. స్తంభం బాగుచేయిస్తాం. పటం మళ్లీ అక్కడే తగిలిస్తాం. ఆదివారం జనానికి చెప్పేది ఒక్క ముక్క మారడానికి వీల్లేదు. కట్టించినాయన, బోడినేల, ఆరు స్తంభాలు. వడ్రంగి మాటలు ఈ గడప దాటకూడదు."

"వడ్రంగి మాట కాదత్తయ్యా అది ఇప్పుడు. మీ కళ్లముందే బయటపడింది."

"నా కళ్లకి ఇవాళ కొత్తగా తెలియాలా?" అత్తగారు నీళ్లు తాగి గ్లాసు పెట్టింది. "పెళ్లయిన ఏడాదికి మా అత్తగారు ఇదే గదిలో నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఈ ఇల్లు వేరేవాళ్లది. కట్టించినాయన వాళ్ల దగ్గర గుమస్తా. వాళ్లు చితికిపోయి ఊరొదిలి పోతే తాళాలు ఈయన చేతిలో మిగిలాయి. ముందర హంగంతా కట్టి, వెనకున్నది పనివాళ్ల కొట్లన్నాడు. నోరు విప్పితే నాలుక కోస్తానంది ఆవిడ. నలభై రెండేళ్లు విప్పలేదు నేను."

"గుమస్తానా?" అన్నాడు చిన్నవాడు.

"తిను."

"నాకెవరూ చెప్పలేదే!" అంది చిన్నకోడలు.

"నీకు చెబితే సాయంత్రానికి బస్‌స్టాండులో వినొచ్చు."

పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది, ఈ గదులు కొట్టించాలన్న తొందర కార్ల కోసం కాదని, ఆ గుట్టు చెరిపెయ్యడానికని. "అన్నీ తెలిసి ఆ గోడ మీద చెయ్యి ఎలా వేయించారు?"

అత్తగారు కాసేపు కంచంలో వేలితో గీతలు గీసింది. "వెనకది ఆయనది కాదని తెలుసు. ముందుదైనా సొంతంగా నిలబెట్టాడనుకున్నా." మళ్లీ గొంతు పెంచింది. "ఆ మాటలు నీకనవసరం. నాకు తెలిసీ నేను మోశాను. నువ్వూ మొయ్యి. ఉండాలనుందా, వాగాలనుందా? ఇప్పుడే తేల్చు."

పెద్దవాడు భార్య వైపు వంగి నెమ్మదిగా అన్నాడు. "ఊఁ అనెయ్యి. ఆదివారం రెండు గంటల పనే కదా. ఇల్లు నిలబడుతుంది."

ఆమె అతని కంచంలో కూర వడ్డించి, గిన్నె కింద పెట్టింది. తను వడ్డించుకోలేదు.

"వాటా మీరు చూసుకున్నదే కదా. కావాలంటే మీరు వెళ్లి ఉండండి," అంది మొగుడితో. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "నేను ఎక్కడికీ పోనత్తయ్యా. కొట్టించుకుంటే కొట్టించుకోండి. మేస్త్రి ఎవరొచ్చినా నేను ఈ గదిలోనే ఉంటాను. వచ్చే ఆదివారం జనాన్ని వసారాలోంచి తీసుకురాను, పెరట్లోంచి తిప్పి ముందు ఇక్కడికే తీసుకొస్తాను. ఇది ఎవరిల్లో చెబుతాను, గుమస్తా సంగతి చెబుతాను, స్తంభంలో గడ్డి చూపిస్తాను. పాత కథే కావాలంటే మీ చిన్నకోడలికి నేర్పుకుని మీ వసారాలో చెప్పించుకోండి. ఇటువైపు మాత్రం పదింటికి నేను మొదలుపెడతాను."